పూలకు మూడో చోటు

తెలుగువారి యింట పువ్వుకు రెండే చిరునామాలు. ఒకటి జడ, రెండవది గుడి. పెళ్ళిపందిరి, నాయకుని మెడ, చివరకు పాడె – ఇవన్నీ ఆ రెండింటి పొడిగింపులే. అలంకారమో, అర్పణమో! ఈ రెండూ కాక, పువ్వు తనంతట తాను ఒక మాట చెప్పగల చోటు మన ఊళ్ళలో ఉందా? లేదనే నా అభిప్రాయం. ఉండాలన్నది నా వాదం. ఈ వాదానికి ప్రేరణ ఎక్కడో అట్లాంటిక్ ఒడ్డున ఉన్న ఐర్లండు నుంచి రావడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. రాజాంలో కూర్చుని ఐర్లండు పూల గురించి రాయడమేమిటని నవ్వినా సరే, ఓపికగా చివరిదాకా చదవమని మిత్రులను కోరుతున్నాను.

ఐర్లండులో, బ్రిటన్‌లో పుష్పకళా సంఘాలు ఊరూరా ఉన్నాయి. వీటిలో జరిగే ‘ప్రదర్శన’ మనమనుకునే ప్రదర్శన కాదు. అలంకరించి బల్లల మీద పెట్టినవాటిని వరుసగా చూసి వెళ్ళిపోవడం వేరు. ఇక్కడ కళాకారిణి వేదిక మీద నిలబడి, ఖాళీ పాత్రతో మొదలుపెట్టి, సభ చూస్తుండగానే ఒక్కొక్క కొమ్మనూ నిలబెడుతూ, మాట్లాడుతూ, మధ్యలో ఒక పద్యం చదువుతూ, ఒక ఛలోక్తి విసురుతూ ఐదారు కూర్పులు పూర్తి చేస్తుంది. చివర ఆ కూర్పులను చీటీలు తీసి సభికులకే పంచిపెట్టడం చాలా సంఘాల్లో ఆనవాయితీ. 1981లో ఏర్పడిన ప్రపంచ పుష్పకళాకారుల సంఘం మూడేళ్ళకొకసారి జరిపే మహాప్రదర్శనకు 2014లో డబ్లిన్ నగరమే వేదిక అయింది.

నన్ను ఆకర్షించింది వారి నైపుణ్యం కాదు, వారు ఎంచుకునే వస్తువు. ఐరిష్ కళాకారులు తమ నేలను, తమ పురాస్మృతిని, తమ కవిత్వాన్ని పాత్రలోకి తెస్తారు. క్లేర్ కౌంటీలో ‘బరెన్’ అనే సున్నపురాతి నేల ఉంది. చూడబోతే బండలే, కాని ఆ బండల పగుళ్ళలో మంచుదేశాల మొక్కలూ, మధ్యధరా తీరపు మొక్కలూ పక్కపక్కనే పూస్తాయి. ఒక బూడిదరంగు రాయి, దాని చీలికలో నీలిరంగు జెన్షియన్ – అంతే, బరెన్ మన ముందుంటుంది. ఓఘమ్ అనే వారి ప్రాచీన లిపిలో పలు అక్షరాలకు చెట్ల పేర్లున్నాయి. కనుక భుజవృక్షపు కొమ్మనూ, సిందూరపు కొమ్మనూ పక్కపక్కన నిలబెడితే అది ఒక మాటను రాసినట్లే. యేట్స్ కవితతో లోకానికి తెలిసిన ఇన్నిస్‌ఫ్రీ, స్లైగోలోని ఒక సరస్సులో చిన్న దీవి. ఆ పేరుకు వారి భాషలో ‘హీథర్ పొదల దీవి’ అని అర్థం. ఊదారంగు హీథర్ గుత్తి ఒకటి నీటి పాత్రలో కనబడితే చాలు, సభలో సగంమంది పెదవుల మీదికి ఆ కవిత వచ్చేస్తుందట.

చెట్టు పట్ల వారికున్న భయభక్తులు మనకు కొత్తవి కావు. ఒంటరిగా నిలిచిన హాథార్న్ చెట్టును దేవతలు కాపాడతారని పాతకాలపు ఐరిష్ రైతు నమ్మకం. 1999లో క్లేర్ కౌంటీలోనే కొత్త రహదారికి అడ్డమైన అటువంటి ఒక చెట్టును కొట్టరాదని ఒక జానపద కథకుడు పత్రికలకెక్కగా, చెట్టును ఉంచి రోడ్డు పథకాన్నే సర్దారు. మన ఊళ్ళలో గ్రామదేవత వేపచెట్టుకు పసుపు రాసి, దారిని చుట్టు తిప్పుకున్నవారికి ఇందులో వింతేమున్నది?

ఐర్లండుకూ తెలుగునేలకూ నడుమ ఒక పాత వంతెన కూడా ఉంది. బెల్‌ఫాస్ట్‌లో 1873లో పుట్టిన జేమ్స్ కజిన్స్, యేట్స్ తరపు సాహిత్య పునరుజ్జీవనంలో పాల్గొన్న కవి. 1915లో అనీబిసెంట్ పిలుపు మీద మన దేశానికి వచ్చి, 1916లో డబ్లిన్ తిరుగుబాటును మెచ్చుకుంటూ రాసి పత్రికోద్యోగం పోగొట్టుకుని, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యాపకుడయ్యాడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు ఆ కళాశాలకు వచ్చినప్పుడే జనగణమనకు ఆంగ్లానువాదం చేశాడు. కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరలిపి రాసింది. ఐర్లండులో స్త్రీల ఓటుహక్కు కోసం జైలుకు వెళ్ళిన మార్గరెట్, ఇక్కడ 1917లో భారత మహిళా సంఘానికీ, 1927లో అఖిల భారత మహిళా సభకూ పునాదులు వేసినవారిలో ఒకరు. జేమ్స్ కజిన్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. సొంత నేల మీది ప్రేమే పరాయి నేలను ప్రేమించడానికి అడ్డు కాదని ఆ దంపతుల జీవితం చెబుతున్నది. ఆ ప్రేమను అటునుంచి ఇటు తెచ్చుకుంటే తప్పేమిటి?

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పక వస్తుంది. “మనకు బతుకమ్మ లేదా? గొబ్బెమ్మలు లేవా? తిరుమల పుష్పయాగం లేదా? ఐర్లండు మనకు పూలు పేర్చడం నేర్పాలా?” అని. న్యాయమైన ప్రశ్నే. బతుకమ్మకు సాటి వచ్చే పుష్పకళ ప్రపంచంలో ఎన్నో లేవు. తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు, గునుగు, కట్ల, బంతి, చామంతి వరుసలుగా శిఖరం దాకా పేర్చే ఆ పనిలో వాస్తు ఉంది, వర్ణజ్ఞానం ఉంది, పాట ఉంది. అన్నిటికన్న మిన్నగా, ఆ ఋతువులో ఆ బీడులో పూచేదే ఆ పళ్ళెంలోకి వస్తుంది. తంగేడు అంగడిలో కొనే పువ్వు కాదు గదా! 2014లో తెలంగాణ ప్రభుత్వం దానిని రాష్ట్ర పండుగగా ప్రకటించడం ఆ బీడుపూలకు దక్కిన పట్టాభిషేకం.

పొరుగున తమిళులు ఇంకొక అడుగు ముందున్నారు. రెండువేల యేళ్ళ నాటి సంగమ కవిత్వంలో నేలలకు పేర్లే పూలవి. కొండకు కురింజి, అడవికి ముల్లై, పొలానికి మరుదం, సముద్రతీరానికి నెయ్‌దల్, ఎండిన భూమికి పాలై. పువ్వు పేరు చెబితే నేల, నేల పేరు చెబితే ఒక ప్రేమావస్థ స్ఫురించాలి. అంటే, నేలనూ కవితనూ పువ్వుతో ముడివేయడం ఐర్లండు సొత్తు కాదు. దక్షిణాపథానికి అది తాతలనాటి విద్య. మన పోతన గోపికలు కృష్ణుడు కనబడక వనమంతా తిరుగుతూ పూలచెట్లను పేరుపేరునా పిలిచి అడుగుతారు. నంది తిమ్మన ఒక్క పారిజాతం మీద కావ్యమంతా నిలబెట్టాడు.

మరి నా బాధ ఏమిటి? ఆ విద్య పండుగకూ పుస్తకానికీ పరిమితమైపోయింది. తెలంగాణలో తంగేడుకు చోటుంది. ఉత్తరాంధ్రలో మా బీడుపూలకు ఆ పాటి చోటు కూడా లేదు. ఇక్కడి పెళ్ళి మంటపాలకు జెర్బెరాలూ, కార్నేషన్లూ దూరాభారం నుంచి పెట్టెల్లో దిగుతాయి. అవి చాలనిచోట ప్లాస్టిక్ పూలు. మంటపం ఫోటో చూసి అది రాజాంలో తీసినదో, రాయపూర్‌లో తీసినదో చెప్పగలవారెవరు? ఊరి ముఖం పోయిందంటే ఇదే.

అందుకని, రాజాంలో ఒక సాయంత్రం అటువంటి సభ జరిగితే బల్ల మీద ఏమేమి ఉండాలో నేను ఊహించుకున్నాను. ఐర్లండువారి మూడు వస్తువులనే తీసుకుందాం: నేల, స్మృతి, కవిత.

మొదటిది నేల. ఈ ప్రాంతానికి ఒక్క పువ్వును గుర్తుగా ఎన్నుకోమంటే నేను గోగుపువ్వునే ఎన్నుకుంటాను. లేత పసుపు రేకులు, నడుమ ముదురెరుపు కన్ను. ఉదయం విచ్చుకొని ఆ పూటతోనే ముడుచుకొంటుంది. జడకు పనికిరాదు, దండకు నిలవదు, కనుక దానికి ధర లేదు. కాని ఈ ప్రాంతపు బ్రతుకుతెరువులో దానికున్న పాత్ర చూడండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు గోగునారకు పేరుపడ్డవి. రాజాం చుట్టుపక్కల మిల్లులు ఆ నార మీదే లేచాయి. చేనులో సుమారు సగం మొక్కలు పూతకు వచ్చినప్పుడు కోస్తే నార మేలుగా ఉంటుంది. అంటే ఆ పువ్వు రైతుకు కోతకబురు! పువ్వు విచ్చిన కొద్దిరోజులకే మొక్క చెరువులో ఊరడానికి వెళుతుంది. ఆ తరువాత నార తీసేవారి చేతులకు అంటిన ఆ కుళ్ళువాసన, చలినీళ్ళలో నడుము లోతున నిలబడే కూలి – ఇవన్నీ ఆ పువ్వు వెనుక ఉన్నాయి. ఇప్పుడు గోగు సాగు తగ్గిపోయింది. రేపు బడిపిల్లవాడికి గోగు అంటే పచ్చడి ఆకు మాత్రమే. ఒక మట్టికుండ, నారకట్ట ఒకటి, నిటారుగా నిలిచిన మూడు గోగుకాడలు – బరెన్ రాయికి దీటైన చిత్రం అవుతుందా, కాదా?

వంగర మండలంలో సువర్ణముఖి, వేగవతి, నాగావళి కలిసే సంగాం ఉంది. మూడు కొమ్మలు మూడు దిక్కుల నుంచి వచ్చి ఒకే నీటిలో కలిసేటట్లు కూర్చితే సంగమేశ్వరుని తలచుకోనివారుండరు. సీతంపేట కొండల నుంచి వచ్చే కొండచీపురు కూడా పూతే గదా! మనం ఇల్లూడ్చుకునేది ఒక గడ్డిపూల గుత్తితోనని ఎప్పుడైనా ఆలోచించామా? ఆ కొండలదే అడ్డాకు. విస్తరికి ఎక్కిన ఆకు, కూర్పుకు ఆధారపీఠం కాలేదా?

రెండవది స్మృతి. పొందూరులో పత్తిని ఏకడానికి వాలుగ చేప దవడను వాడతారు. ఆ చిన్న పళ్ళ వరుస, విచ్చిన పత్తికాయ, తొలిరోజు పసుపుగా ఉండి మర్నాటికి ఎరుపెక్కే పత్తిపువ్వు – ఈ మూడూ పక్కపక్కన పెట్టి, సన్నని నూలుపోగు ఒకటి చుట్టిన చేతులకు మాటలతో పనిలేదు. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో ఒకే పనసమొద్దును తొలిచి వీణ చేస్తారు. పనసచెక్క తునక మీద నాలుగు పనసాకులు చాలు. ఇక 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం. కోట కాలిపోతున్నప్పుడు తాండ్ర పాపారాయుడు ఉన్నది మా రాజాంలోనే. వార్త అందేసరికి అంతా అయిపోయింది. అంతఃపుర స్త్రీలు మంటలకూ కత్తికీ బలైన కథను మగవాళ్ళ వీరగాథగానే బుర్రకథల్లో విన్నాము. ఎర్ర మోదుగు గుత్తి ఒకటి, నల్లగా కాలిన కట్టె మీద పెట్టి, ఆ స్త్రీల వైపు నుంచి కథ చెప్పగల కళాకారిణి రావాలి.

మూడవది కవిత. విజయనగరం గురజాడ నేల. ఆయన పూర్ణమ్మ పూజారి యింటి పిల్ల. ఋతువులు తెచ్చిచ్చే పూలతో దుర్గను కొలిచే పిల్ల. డబ్బు కోసం తండ్రి ఆమెను ముసలివాడికి కట్టబెడితే, అత్తవారింటికి పంపే సమయాన తోబుట్టువులకు అప్పగింతలు చెప్పి, పూలు పట్టుకుని గుడికి వెళ్ళిన పిల్ల మరి తిరిగి రాలేదు. దీనికి కూర్పు ఎట్లా ఉండాలి? నా మటుకు నేను ఖాళీ సజ్జనూ, దాని పక్కన వెడల్పాటి నీటిపాత్రనూ, నీటి మీద విడిపూలు కొన్నింటినీ మాత్రమే ఉంచమంటాను. ఇంకేమీ వద్దు. ఆ ఖాళీ సజ్జ చూసి ఒక్క తండ్రి ఉలిక్కిపడినా ఆ సభ సార్థకం.

పువ్వులు పేర్చుతూ కథ చెప్పే పద్ధతి పరాయిదని కొందరనవచ్చు. ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) పుట్టిన అజ్జాడ ఈ ప్రాంతంలోనిదే. గజ్జె కట్టి, చిడతలు పట్టి, పాటా మాటా ఆటా ఒక్క మనిషిలో నడిపించిన హరికథను లోకానికిచ్చిన నేల ఇది. పైగా ఆ దాసుగారే ఉమర్ ఖయ్యామును పారశీకం నుంచి నేరుగా తెనిగించి, ఫిట్జెరాల్డు ఆంగ్లంతో పోల్చి చూపినవారు. బయటినుంచి తెచ్చుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. తెచ్చుకున్నదానిని తెలుగు చేయకుండా వదలనూ లేదు. ఐరిష్ ప్రదర్శన మన చేతిలో పడితే పూల హరికథ అవుతుంది. అంతకన్న కావలసినదేమిటి?

ఇక అసలైన అభ్యంతరం ఒకటి ఉంది. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపం ఘంటసాల గొంతులో విని పెరిగినవాళ్ళం మనం. పువ్వును కోయబోయిన చేయి ఆగిపోయేంతగా ఆ పద్యాలు మన రక్తంలో ఇంకాయి. “పువ్వు మొక్కన ఉంటేనే అందం, కోసి పాత్రలో గుచ్చి కళ అనడం హింస” అనేవారిని నేను ఎగతాళి చేయను. కాని గమనించండి. కళ అనేది సంఖ్యను తగ్గిస్తుంది. ఒక నాయకుని గజమాలకు బుట్టలకొద్దీ పూలు చాలవు. అవి గంటలో రోడ్డు మీద పడతాయి. నేను చెప్పిన గోగు కూర్పుకు మూడు కాడలు చాలు. ఆ మూడింటిని సభ అరగంటసేపు కన్నార్పక చూస్తుంది. ఏది హింస? ఎన్నడూ చూడకుండా వేయి పూలు తొక్కడమా, ఒక్కదానిని కోసి దాని పేరు పదిమందికి చెప్పడమా? పైగా చూడడం నేర్చినవాడు కోయడానికి వెనుకాడతాడు. జపానువారి ఇకెబానా శతాబ్దాలుగా చెబుతున్నది ఇదే: తక్కువ పూలు, ఎక్కువ చూపు.

హింస గురించి పట్టింపు ఉన్నవారు మరొకదాన్ని పట్టించుకోవాలి. మంటపాలలో పూలు గుచ్చే ఆ ఆకుపచ్చ స్పాంజి దిమ్మ 1954 నాటి అమెరికా ఆవిష్కరణ. అది ప్లాస్టిక్ జాతి, మట్టిలో కలవదు, పొడిపొడిగా నీళ్ళలో చేరుతుంది. ఇంగ్లండులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దానిని నిషేధించింది. వాళ్ళు ఇప్పుడు ప్రత్యామ్నాయాలు వెదుకుతున్నారు. మనకు వెదుకులాట ఎందుకు? అరటిబోదె ముక్క ఉంది, తడి ఇసుక ఉంది, కొబ్బరి ఈనె ఉంది, అరటినార ఉంది. పూలజడ కుట్టే చేతులకు ఇవన్నీ తెలిసినవే. వాడిన పూలను కూడా వృథా పోనివ్వనక్కరలేదని తిరుమల చూపించింది. 2021లో దేవస్థానం ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీల తయారీ మొదలయింది. ఉద్యాన విశ్వవిద్యాలయంతో కలిసి ఎండుపూలతో చిత్రపటాలు చేయడం స్త్రీలకు నేర్పారు.

ఇంతదాకా చెప్పినది అందం గురించి. అందం ఒక్కటే అయితే నేను ఇంత రాసేవాడిని కాదు. అసలు విషయం ఇప్పుడు చెబుతాను.

జడ, గుడి అన్నాను. మన సమాజంలో పువ్వు ఈ రెండు చోట్లకే కట్టుబడి ఉన్నందువల్ల, భర్త పోయిన స్త్రీకి ఒక్కరోజులో పువ్వుతో ఉన్న బంధమంతా తెగిపోతున్నది. జడలో పెట్టుకోరాదు. పేరంటంలో పూలు పంచరాదు. పెళ్ళి పూలబుట్ట ముట్టరాదు. మా పెద్దత్త పెరట్లో కనకాంబరాలు, సన్నజాజులు, చామంతులు విరగబూసేవి. ఆమెకు ముప్పయి దాటకముందే భర్త పోయాడు. తరువాత నలభయ్యేళ్ళపాటు ఆ మొక్కలకు నీళ్ళుపోసింది ఆమె; కోసుకువెళ్ళినవాళ్ళు అందరూ. దండ కట్టడంలో ఆమెను మించినవారు మా వీధిలో లేరు. కాని ఆ దండ ఎవరు కట్టారో శుభకార్యంలో చెప్పేవారు కాదు. కందుకూరి 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళికి దారి తెరుచుకొని ఇన్నేళ్ళయినా పువ్వుకు దారి పూర్తిగా తెరుచుకోలేదు. పెళ్ళి చేసుకోదలచనివారి మాటేమిటి? వారికి పువ్వు వద్దా?

పువ్వు అలంకారం కాని చోట, అర్పణ కాని చోట, ‘ఎవరు ముట్టవచ్చు’ అనే ప్రశ్నే పుట్టదు. బల్ల, పాత్ర, కొమ్మ, కథ – వీటికి ముత్తయిదువ అనీ, కాదనీ భేదం లేదు. కులభేదమూ లేదు, దండలు కట్టే చేతులే వేదిక మీదకు రావచ్చు. ఆ కళాకారిణికి చప్పట్లు కొట్టిన సభ, మరుసటి పెళ్ళిలో ఆమె చేతి పూలబుట్టను కాదనడానికి కొంచెం తడబడుతుంది. సంస్కరణలు ఉపన్యాసాలతోనే రావు. ఒక్కొక్కసారి అలవాటుతో వస్తాయి. పూలకు మూడో చోటు కావాలనడంలో నా ఆశ ఇదే. ఇది సంపన్నుల కాలక్షేపం అనేవారికి కూడా ఇదే నా సమాధానం. ఐర్లండులో అది కాలక్షేపం అయితే కావచ్చు. ఇక్కడ అది కొందరికి పోగొట్టుకున్న హక్కు.

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. బడిలో ఒక గది, ఆదివారం ఒక పూట, దండలు కట్టే ఒకామెకు గౌరవమైన రుసుము, పద్యం చదవగల ఒక తెలుగు మాస్టారు. పిల్లలు వచ్చేదారిలో బీడులో పూచినదేదో ఒక్కటి, ఒక్కటే, తేవాలి. దాని పేరు ఇంటిలో పెద్దలనడిగి తెలుసుకుని రావాలి. పేరు చెప్పలేని పువ్వు బల్ల ఎక్కరాదన్నది ఒక్కటే నియమం. అలా ఒక్క యేడాది నడిస్తే ఆ ఊరి పూల నిఘంటువు తయారవుతుంది. మా ప్రాంతం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది. కాగితం మీద జిల్లా మారింది కాని గట్ల మీద తుమ్మి, తంగేడు, ఉమ్మెత్త మారలేదు. వాటి పేర్లు మన నోళ్ళలో ఉన్నంతకాలం ఈ నేల మనది.

మిత్రులకు ఒక విన్నపం. మీ మీ ప్రాంతాలలో జడకూ గుడికీ పనికిరాని పూలు ఏమున్నాయి? వాటిని మీ ఊరివారు ఏ పేరుతో పిలుస్తారు? కృష్ణాతీరం వారు, రాయలసీమ వారు, సముద్రాలు దాటి స్థిరపడినవారు – అందరూ తలొక పేరు రాయండి. వీలైతే ఆ పువ్వుతో మీకు స్ఫురించే ఒక కథో, కవి పేరో జతచేయండి. వంద పేర్లు పోగయితే వాటిని వరుసపెట్టి అచ్చువేయించి, మా ఊరి బడికి ఒక ప్రతి ఇచ్చే బాధ్యత నాది.